దెయ్యం సినిమా చేస్తే లాభం ఎవరికి? దర్శకుడికా, హీరోయిన్‌కా?

గోదారి_గట్టు
చాన్నాళ్లుగా నన్ను తొలిచేస్తున్న విషయం. 2012లో 'అవును' మొత్తాన్ని పూర్ణ ఒక్కతే మోసింది. కనిపించని వాడితో పెనుగులాడుతూ నటించడం మామూలు సంగతి కాదు. ఆ తర్వాత ఏమొచ్చాయి? 'అవును 2', 'రాజుగారి గది'. ఛార్మికి 'మంత్ర'తో నంది వచ్చింది, అయినా ఆ స్థాయి పాత్ర మళ్లీ రాలేదు. అదే '13బి' తీసిన విక్రమ్ కుమార్‌ని చూడండి. నేరుగా 'ఇష్క్', ఆపైన 'మనం'. దెయ్యం సినిమా ముద్ర హీరోయిన్ మీదే పడుతుంది, దర్శకుడి మీద పడదు. ఎందుకిలా? 'రాజుగారి గది' దర్శకుడు ఓంకార్, ఇంకో దర్శకుడు మారుతి గురించి కూడా చెప్పండి.

నైట్‌షో_నరేష్
అనుష్కని వదిలేసి ఈ లెక్క ఎలా వేస్తారు సార్? 2009 సంక్రాంతికి 'అరుంధతి' వచ్చింది. అప్పటిదాకా 'విక్రమార్కుడు'లాంటి సినిమాల్లో హీరో పక్కన ఉండే అమ్మాయి. ఆ తర్వాత ఆమె పేరు మీదే టికెట్లు తెగాయి. 'భాగమతి'కి హీరో ఎవరో ఎంతమందికి గుర్తుంది? మమతా మోహన్‌దాస్ 'అరుంధతి'లోని ఆ జేజెమ్మ పాత్ర వదులుకున్నానని ఇప్పటికీ ఇంటర్వ్యూల్లో చెప్పుకుంటుంది. మీ ముద్ర సిద్ధాంతం అక్కడే పోయింది.

గోదారి_గట్టు
ఒక్కరిని చూపించి సిద్ధాంతం పోయిందంటే ఎలా అండీ? మిగతా వాళ్ల మాటేంటి?

మైక్_మాణిక్యం
డబ్బింగ్ ఫీల్డ్‌లో ఉన్నవాణ్ణి కాబట్టి చెబుతున్నా. 'అరుంధతి'లో జనం భయపడింది అనుష్కని చూసి కాదు, సోనూ సూద్‌ని చూసి కూడా కాదు. సోనూ సూద్‌కి డబ్బింగ్ చెప్పిన రవిశంకర్ గొంతు విని. "వదల బొమ్మాళీ" అన్న ఆ ఒక్క పిలుపు తీసేసి చూడండి, ఏం మిగులుతుందో. ఆయనకు బొమ్మాళి రవిశంకర్ అని పేరే పడిపోయింది. దెయ్యం సినిమాలో సగం పని చెవిదే. బయటివాళ్లకు ఇది అర్థం కాదు.

నల్లగొండ_నవీన్
అన్నా, మరి అనుష్క కళ్లకు డబ్బింగ్ ఎవరు చెప్పిన్రు?

మైక్_మాణిక్యం
తమ్ముడూ, వెటకారం తర్వాత. ఎప్పుడైనా మైక్ ముందు నిలబడి, తెరమీద పెదాలు చూసుకుంటూ, ఊపిరి కూడా కలిసేలా ఒక అరుపు అరిచావా? నాలుగు టేకులు చేస్తే మర్నాడు ఫోన్‌లో మాట్లాడటానికి గొంతు రాదు. పోస్టర్ మీద మాత్రం మా పేరు ఉండదు.

నల్లగొండ_నవీన్
కష్టం లేదని ఎవరన్నరు? రవిశంకర్‌కు నంది ఇచ్చిన్రు, సోనూ సూద్‌కు విలన్ నంది ఇచ్చిన్రు. సినిమా మొత్తం నిలబెట్టిన అనుష్కకు మాత్రం ఉత్తమ నటి ఇయ్యలే, స్పెషల్ జ్యూరీతో సరిపెట్టిన్రు. అన్యాయం అంటే అది. నువ్వేమో ఉన్న క్రెడిట్ కూడా గుంజుకుంటున్నవ్.

రాత్రి92
మీరంతా 2009 దగ్గరే ఆగిపోయారు. రాంగోపాల్ వర్మ 'రాత్రి' 1992లో వచ్చింది. మణిశర్మ మొదలైంది ఆ సినిమా నేపథ్య సంగీతంతోనే. ఒక పిల్లి, ఒక ఇల్లు, రేవతి ముఖం. అంతే. వర్మ అంత పొదుపుగా భయపెట్టాడు. ఇక రేవతి కెరీర్ అంటారా, ముప్పై ఏళ్ల తర్వాత మలయాళంలో 'భూతకాలం' చేసి కేరళ రాష్ట్ర ఉత్తమ నటి అవార్డు తీసుకుంది. అదీ హారరే. దర్శకుడు రాహుల్ సదాశివన్ ఆ తర్వాత మమ్ముట్టితో 'భ్రమయుగం' తీశాడు.

నైట్‌షో_నరేష్
వర్మ పేరు ఎత్తారా, అయిపోయింది. 2003లో పాటల్లేకుండా 'భూత్' తీసి ఊర్మిళతో అంత బాగా చేయించిన మనిషి, 2008లో 'ఫూంక్'కి వచ్చేసరికి థియేటర్లో ఒంటరిగా చూస్తే అయిదు లక్షలిస్తా అని పందెం కట్టాడు. సినిమా మీద నమ్మకం ఉన్నవాడు పందెం కడతాడా?

రాత్రి92
పబ్లిసిటీకీ ప్రతిభకూ తేడా తెలియనివాళ్లతో మాట్లాడి లాభం లేదు. వర్మ తీసిన 'దెయ్యం'లో జయసుధని చూశారా మీరు? చూసుంటే ఈ పోస్ట్ పెట్టేవారు కాదు.

విజయనగరం_సరళ
మగవాళ్లంతా అవార్డులూ గొంతులూ పంచుకుంటున్నారు కాబట్టి నేనొక మాట. మన దెయ్యం కథల్లో అమ్మాయికి ముందు ఘోరం జరగాలి, చచ్చిపోవాలి, అప్పుడుగానీ ఆమెకు నటించే సీను రాదు. బతికున్నంతసేపూ పాటల్లో తిరగడమే. అందుకే నాకు 'మసూద' నచ్చింది. సంగీత అందులో ఒంటరిగా కూతుర్ని పెంచుకునే తల్లి. ఆ భయంలో ఇంటి అద్దె, చుట్టుపక్కలవాళ్ల చూపులు అన్నీ ఉన్నట్టు అనిపిస్తుంది. 'ఖడ్గం' నాటి సంగీతకు ఇన్నాళ్లకు ఒక పాత్ర దొరికింది, అదీ దెయ్యం సినిమా పుణ్యమే. కోవై సరళ గారిని చూడండి, 'కాంచన'లో లారెన్స్‌తో సమానంగా విజిల్స్ కొట్టించుకుంది.

గోదారి_గట్టు
సరళ గారూ, నేను అడిగినదానికి దగ్గరగా వచ్చింది మీరొక్కరే.

పాతబొమ్మ
'అమ్మోరు' ఎవరూ ఎత్తలేదేంటి? 1995. దర్శకుడు కోడి రామకృష్ణ గారు, నిర్మాత శ్యాంప్రసాద్ రెడ్డి గారు. 'అరుంధతి' కూడా ఈ జోడీదే. మా ఊరి టాకీసులో తెర ముందు కొబ్బరికాయలు కొట్టారు, ఆడవాళ్లకు పూనకాలు వచ్చాయి.

మైక్_మాణిక్యం
అది భక్తి సినిమా అండీ. హారర్ కాదు.

పాతబొమ్మ
రామిరెడ్డి గోరఖ్ వేషంలో తెర మీదికొస్తే మా చెల్లెలు సీటు కిందికి దూరేది. మీరేమో భక్తి అంటారు. అమ్మవారు రావాలంటే ముందు భయం రావాలి కదా! సౌందర్య ఆ వయసులో రమ్యకృష్ణ ఎదురుగా నిలబడింది. ఆమె ఆఖరి సినిమా కూడా కన్నడ 'ఆప్తమిత్ర', అంటే మన 'చంద్రముఖి' కథే. 2004 ఏప్రిల్‌లో ఆమె పోయింది, సినిమా ఆ తర్వాత విడుదలైంది.

నల్లగొండ_నవీన్
చంద్రముఖి అంటే జ్యోతికనే. ఇంకెవ్వరు కాదు.

రాత్రి92
'చంద్రముఖి'కి మూలమైన మలయాళం 'మణిచిత్రతాళు'లో శోభన. జాతీయ అవార్డు. తర్వాత మాట్లాడదాం.

నల్లగొండ_నవీన్
అవార్డులు జేబుల పెట్టుకో అన్నా. "రా రా" పాటకు మా కాలేజీ ఫంక్షన్ల ఎంతమంది జ్యోతిక లెక్క కండ్లు తిప్పిన్రో నాకు తెలుసు. శోభన లెక్క ఎవరన్న చేసిన్రా?

విజయనగరం_సరళ
చేయడం కష్టం కాబట్టే చేయలేదు బాబూ. శోభన భరతనాట్యం నేర్చుకున్న మనిషి.

గోదారి_గట్టు
ఓంకార్ గురించి ఎవరైనా?

నైట్‌షో_నరేష్
మూడు గదులు తీశాడు. రెండో దాంట్లో నాగార్జున, సమంత ఉన్నారు, అది మలయాళం 'ప్రేతం' రీమేక్. ఇంకేం చెప్పాలి సార్. మాణిక్యం గారూ, ఇంతకీ 'అరుంధతి'లో మీరు ఏ పాత్రకు చెప్పారు?

మైక్_మాణిక్యం
గుంపులో అరుపులు. కానీ ఆ అరుపులు లేకపోతే సీను లేదు.