ఫారం నిండితే పసిబిడ్డను చూసినట్టేనా?

ప్రాణహిత గట్టు: పుట్టిన బిడ్డను ఆశా కార్యకర్తలు ఇంటికే వచ్చి చూసే ఈ పథకం పుట్టిందే మహారాష్ట్రలోని మన గడ్చిరోలి జిల్లాలో. డాక్టర్ దంపతులు అభయ్ బంగ్, రాణీ బంగ్ పల్లె ఆడవాళ్లకు నేర్పించి, పసికందుల బాగోగులు ఇంటి దగ్గరే వాళ్లు చూసేలా చేశారు. నెలలోపు శిశు మరణాలు 62 శాతం తగ్గాయని 1999లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది. 2011 నుంచి దేశమంతా ఆశాలు ఈ పని చేస్తున్నారు. ఆసుపత్రి కాన్పయితే 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికి రావాలి. సిరోంచ దిక్కు మా చెల్లెలి బిడ్డకు ఆరుసార్లూ వచ్చినట్టు ఫారంలో ఉంది. రెండో వారం తర్వాత ఎవరూ గడప తొక్కలేదు. ఇట్లాంటి ఫారాలు లెక్కబెట్టి పథకం బాగుందంటే ఎట్లా?

ఆశా తమ్ముడు: మీ చెల్లెలు అప్పుడు పుట్టింట్లో ఉందా, అత్తగారింట్లో ఉందా? ఊరు మారితే మా అక్క లాంటి ఆశాలు ఏం చేస్తారు?

ప్రాణహిత గట్టు: పుట్టింట్లోనే ఉంది. నేను అడిగింది అది కాదు.

ఆశా తమ్ముడు: వానాకాలమా?

లెక్కల మాస్టారు: వచ్చారా లేదా అన్న దగ్గరే ఆగిపోతే ఎట్లా? వచ్చి ఏం చేశారో కూడా కొలవాలి. బిడ్డ ఊపిరి నిండు నిమిషం లెక్కపెట్టాలి. 60 గానీ అంతకు మించి గానీ ఉంటే ప్రమాదం. పసిబిడ్డ ఊపిరి ఒకే తీరుగా ఉండదు కాబట్టి కాసేపు చూసి హెచ్చవేస్తే లెక్క తప్పుతుంది. ఫారంలో మాత్రం రెండూ ఒకేలా కనిపిస్తాయి. పక్కన నిలబడి చూడాలి, తల్లిని విడిగా అడగాలి, సంచిలో థర్మామీటర్ పనిచేస్తోందో లేదో చూడాలి.

అహేరి బాట: మా దగ్గర తూకం స్ప్రింగు సాగిపోయింది. బరువు మాత్రం ప్రతిసారీ రాస్తున్నారు.

ఆశా తమ్ముడు: పక్కన మనిషి నిలబడితే ఎవరైనా పద్ధతిగానే చేస్తారు సార్.

లెక్కల మాస్టారు: అప్పుడైనా పని వచ్చో రాదో తేలుతుంది కదా. రాకపోతే మళ్లీ నేర్పాలి. వచ్చీ చేయకపోతే అడ్డమేమిటో వెతకాలి.

ప్రాణహిత గట్టు: అన్నీ సాకులే. డబ్బులు తీసుకుంటున్నారు, పని చేయాలి.

ఆశా తమ్ముడు: ఎంత డబ్బన్నా? 2011లో ఈ పనికి పెట్టింది బిడ్డకు 250 రూపాయలు. అదీ 42 రోజులు గడిచి, టీకాలు పడి, జనన నమోదు అయి, తల్లీబిడ్డా క్షేమంగా ఉంటేనే. 21వ రోజు వాగు దాటలేకపోయానని నిజం రాస్తే ఆ డబ్బు ఆగుతుందని భయం. ఇక ఎవరు రాస్తారు?

లెక్కల మాస్టారు: ఇదీ అసలు సంగతి. డబ్బు ఇప్పించే కాగితంతోనే పనిని కొలవకూడదు. కొలిచే సర్వే వేరే మనుషులు చేయాలి, అందులో ఆశా పేరు ఉండకూడదు. ఇంకో మాట. బంగ్ దంపతుల దగ్గర పనిచేసిన ఆడవాళ్లు జబ్బుపడ్డ బిడ్డకు జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్ ఇంజెక్షన్ కూడా ఇచ్చేవాళ్లు. ఆశాల పనిలో అది లేదు. అన్నీ సరిగ్గా చేసినా అదే ఫలితం ఆశించగలమా?

ప్రాణహిత గట్టు: పేరు లేకపోతే మా ఇంటికి రానిదెవరో ఎట్లా తేలుతుంది?

ఆశా తమ్ముడు: మీరు అడిగేది శిక్ష. అది ముందే చెప్పాల్సింది.

ప్రాణహిత గట్టు: నాలుగో వారంలో బిడ్డకు జ్వరమొచ్చింది. 28వ రోజు ఎవరైనా వచ్చి ఒళ్లు చూసి ఉంటే తెల్లారేదాకా ఆగేవాళ్లం కాదు. దీనికి ఎవరో ఒకరు జవాబు చెప్పాలా వద్దా?

లెక్కల మాస్టారు: చెప్పాలి, పైనుంచి మొదలుపెట్టి. ఆ నెల ఆశాల పనిని చూసుకునే ఆశా ఫెసిలిటేటర్ ఏయే ఇళ్లకు వెళ్లిందో సమాచార హక్కు కింద అడగండి. అర్జీ నేను రాసిస్తాను.