కోచ్ గారి భక్తి, పిల్లల ఆట: హైస్కూల్ బాస్కెట్‌బాల్ ఆడే పిల్లల తల్లిదండ్రులు మీ అనుభవాలు చెప్పండి

డల్లాస్_నాన్న
అందరికీ నమస్కారం. మావాడు పబ్లిక్ స్కూల్లో పదో తరగతి. ఈ సీజన్‌లో జేవీ టీంకి (స్కూల్ మెయిన్ టీం కింద ఉండే జూనియర్ టీం) సెలెక్ట్ అయ్యాడు. కోచ్ గారు మంచి మనిషి, అందులో అనుమానమే లేదు. శనివారాలు పిల్లల్ని ఫుడ్ బ్యాంక్‌కి తీసుకెళ్లి డబ్బాలు సర్దిస్తారు, తనూ వాళ్లతో పాటే పెట్టెలు మోస్తారు. మార్కులు తగ్గినవాణ్ని ప్రాక్టీస్‌కి రానివ్వకుండా లైబ్రరీకి పంపుతారు. మావాడు ఇంట్లో తిన్న కంచం తనే కడుక్కుంటున్నాడు, అది కూడా ఆయన చలవే.

ఇబ్బందల్లా ఒకటే. ప్రతి మ్యాచ్ ముందు లాకర్ రూంలో అందరూ చేతులు పట్టుకుని నిలబడాలి, ఆయన యేసు నామంలో ప్రార్థన చేయిస్తారు. రాకపోతే ఏమవుతుందో ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. "నేను పక్కకెళ్తే ఆడనివ్వరేమో నాన్నా" అంటున్నాడు మావాడు. మాకు యేసంటే గౌరవమే. మా అమ్మ గుణదల కొండెక్కి మేరీమాతకు మొక్కు తీర్చుకున్న మనిషి. కానీ పిల్లాడు భయంతో చేతులు కలపడం నాకు మింగుడుపడట్లేదు. వెళ్లి మాట్లాడాలా, ఊరుకోవాలా?

అట్లాంటా_అక్క
ఊరుకోవద్దండి. అలాగని పైవాళ్లకు ఈమెయిల్ కొట్టొద్దు. ముందు కోచ్‌తోనే మాట్లాడండి, అదీ మ్యాచ్ రోజు కాకుండా. మా అమ్మాయి టీంలో ఇలాగే జరిగితే నేను, ఇంకో గుజరాతీ ఆవిడ కలిసి వెళ్లాం. ఆయన నొచ్చుకున్నారు, కాదనను. తర్వాత నుంచి ఒక నిమిషం మౌనం పెట్టారు, ఎవరి దేవుణ్ని వాళ్లు తలుచుకుంటారు. మా అమ్మాయి హనుమాన్ చాలీసాలో రెండు లైన్లు అనుకుంటుందట.

సియాటిల్_లా
చట్టం సంగతి కొంచెం చెప్తాను, దీని మీద తప్పుడు మాటలు చాలా తిరుగుతున్నాయి.

మా సియాటిల్ నుంచి ఫెర్రీ ఎక్కితే బ్రెమర్టన్ వస్తుంది. అక్కడి హైస్కూల్ ఫుట్‌బాల్ అసిస్టెంట్ కోచ్ జోసెఫ్ కెనడీ మ్యాచ్ అయ్యాక మైదానం మధ్యలో మోకరించి ప్రార్థన చేసేవారు. స్కూల్ డిస్ట్రిక్ట్ వద్దంది. కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది, 2022 జూన్ 27న 6-3 తీర్పుతో ఆయన గెలిచారు. అప్పట్నుంచి కొందరు "ఇక కోచ్‌లు ఏం చేయించినా చెల్లుతుంది" అనుకుంటున్నారు. అది నిజం కాదు. కోర్టు కాపాడింది ఆయన తనకోసం తాను చేసుకున్న ప్రార్థనని. టీం మొత్తాన్ని నిలబెట్టి చేయించడానికి ఆ తీర్పు లైసెన్స్ ఇవ్వలేదు. మీ టెక్సస్‌లోదే శాంటా ఫే కేసు ఉంది. ఫుట్‌బాల్ మ్యాచ్ ముందు స్కూల్ మైకులో విద్యార్థి చేత ప్రార్థన చెప్పించడం కుదరదని 2000లో ఇదే కోర్టు అంది. దాన్ని ఎవరూ కొట్టేయలేదు.

మీరు రాసింది చదివి నేను ఉలిక్కిపడింది ఎందుకంటే, బ్రెమర్టన్ కేసు రికార్డులో ఒక తండ్రి ఫిర్యాదు ఉంది. వాళ్లబ్బాయికి దేవుడి మీద నమ్మకం లేదు, అయినా చేరకపోతే ఎక్కువసేపు ఆడనివ్వరేమోనని వెళ్లి నిలబడ్డాడు. మీవాడి మాట అచ్చం అదే. ఇవన్నీ పబ్లిక్ స్కూళ్ల సంగతి, ప్రైవేట్ మత పాఠశాలల దారి వేరు.

బెజవాడ_వర్జీనియా
నేను క్రైస్తవుణ్ని, మా నాన్నగారు పాస్టర్. మా అబ్బాయిని కావాలనే క్రిస్టియన్ స్కూల్లో వేశాం, అక్కడ ప్రార్థన లేకుండా ఆట మొదలవదు, మాకు అది ఆనందమే. అది మేం కోరుకుని వెళ్లిన చోటు. పబ్లిక్ స్కూల్లో పక్కపిల్లాడు బెంచ్ భయంతో "ఆమెన్" అంటే అందులో ప్రార్థన ఎక్కడుంది? గదిలోకెళ్లి తలుపేసుకుని ప్రార్థించమని మా ప్రభువే చెప్పాడు. మీ కోచ్‌కి ఈ మాట ఒక క్రైస్తవుడి నోటి నుంచి వినిపిస్తే మంచిదనుకుంటే చెప్పండి, నేను ఫోన్ చేస్తాను.

మేరీల్యాండ్_మావయ్య
నేను వేరే వైపు నుంచి చెప్తాను. కోచ్ భక్తి నిజమైనదా కాదా అని చూడాలంటే లాకర్ రూంలోకి కాదు, బెంచ్ చివర కూర్చున్న పిల్లాడి వైపు చూడాలి.

మా దగ్గర హయట్స్‌విల్‌లో డిమాతా అని కాథలిక్ హైస్కూల్ ఉంది. అక్కడ మోర్గన్ వుట్టెన్ గారు 1956 నుంచి 2002 దాకా కోచ్. 1,274 మ్యాచ్‌లు గెలిచారు, 2000లో బాస్కెట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌కి ఎక్కారు. ఇక్కడి వాళ్లకు ఆయన పేరు చెప్తే చాలు, 1965 మ్యాచ్ కథ మొదలుపెడతారు. అవతల పవర్ మెమోరియల్, వరుసగా 71 మ్యాచ్‌లు గెలిచిన టీం. అందులో తర్వాత కరీం అబ్దుల్ జబ్బార్‌గా పేరుపడ్డ ఏడడుగుల కుర్రాడు. అంత ఎత్తు మీదుగా బంతి వేయడం అలవాటు కావాలని వుట్టెన్ గారు ప్రాక్టీస్‌లో డిఫెండర్ల చేతికి టెన్నిస్ రాకెట్లు ఇచ్చి పైకెత్తి నిలబడమన్నారు. 46-43తో గెలిచారు.

నాకు అంతకంటే గొప్పగా అనిపించేవి వేరే ఉన్నాయి. ఆయన కోచింగ్ మొదలుపెట్టింది వాషింగ్టన్‌లో ఒక అనాథాశ్రమం పిల్లలతో. డిమాతాలో చరిత్ర పాఠాలు చెప్పారు. దేవుడు, కుటుంబం, చదువు, ఆ తర్వాతే బాస్కెట్‌బాల్ అని వరుస పెట్టి చెప్పేవారు. వరుస చెప్పడం ఎవరైనా చేస్తారు. ఆయన టీంలో సీనియర్లకు, రోజూ ఆడేవాడైనా బెంచ్ మీద ఉండేవాడైనా, 1960ల నుంచి దాదాపు ముప్పై ఏళ్లపాటు కాలేజీ స్కాలర్‌షిప్ దొరుకుతూనే వచ్చింది. మూడు నిమిషాలు ఆడే పిల్లాడి కోసం కూడా కాలేజీలకు ఫోన్లు చేయాలంటే ఎంత ఓపిక ఉండాలి!

జెర్సీ_సిటీ_తెలుగు
మావయ్య గారూ, మా ఊరి బాబ్ హర్లీని మర్చిపోతే ఎలా. సెయింట్ ఆంథోనీ, నన్స్ నడిపిన బీద స్కూలు, దానికి సొంత జిమ్ కూడా లేదు. హర్లీ గారు పగలు ప్రొబేషన్ ఆఫీసర్, సాయంత్రం కోచ్. పగలు కోర్టు చుట్టూ తిరిగే కుర్రాళ్లను చూసి, సాయంత్రం తన పిల్లలు ఆ దారి పట్టకుండా పరుగులు పెట్టించేవారు. పాతికకు పైగా రాష్ట్ర టైటిళ్లు గెలిచారు. పెద్ద కాలేజీలు పిలిచినా ఆయన కదల్లేదు. స్కూలు నిలబడడానికి చందాలు పోగుచేస్తూ తిరిగారు. చివరికి 2017లో డబ్బులు చాలక మూతపడింది. చాలా గట్టిగా అరిచే మనిషి, సౌమ్యుడని ఎవరూ అనరు. ఆ అరుపులు పడినవాళ్లే ఇప్పుడు ఆయనకు దండం పెడతారు.

రిటైర్డ్_పీఈటీ
బాబూ, నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో డ్రిల్ మాస్టారుగా చేసి రిటైరయ్యాను. ఇప్పుడు కొడుకు దగ్గర షార్లెట్‌లో ఉన్నాను. ఈ ఆటే మతం ఉన్న చోట పుట్టింది. 1891 డిసెంబర్‌లో స్ప్రింగ్‌ఫీల్డ్‌లో వైఎంసీఏ అనే క్రైస్తవ యువకుల సంఘం వాళ్ల శిక్షణ స్కూల్లో జేమ్స్ నైస్మిత్ పీచ్ పళ్ల బుట్టలు కట్టి మొదలుపెట్టాడు. ఆయన వేదాంతం చదివినవాడు. చలికాలంలో కుర్రాళ్లు ఒకరినొకరు తన్నుకోకుండా ఆడే ఆట ఒకటి కావాలని 13 రూల్స్ రాశాడు. మన దేశంలోనూ వ్యాయామ విద్యకు దారి వేసింది వైఎంసీఏ వాళ్లే. మద్రాసులో 1920లో హ్యారీ క్రో బక్ పెట్టిన కాలేజీలో మా గురువు గారు చదివారు.

మా కోర్టు మట్టిది. మ్యాచ్ ఉందంటే తెల్లవారుజామున నీళ్లు చల్లి, సున్నంతో గీతలు గీసేవాళ్లం. గీత గీసేది ఎప్పుడూ టీంలో అందరికంటే బాగా ఆడే కుర్రాడే, అది నా రూలు. కోర్టులో అడుగుపెట్టేముందు పిల్లలు వంగి నేల తాకి కళ్లకద్దుకునేవారు. మస్తానూ తాకేవాడు, ప్రసాదూ తాకేవాడు, ఏసుదాసూ తాకేవాడు. నేనెప్పుడూ చెప్పలేదు, వాళ్లే మొదలుపెట్టారు. చెప్పి ఉంటే అంత బాగుండేది కాదేమో.

శాన్_హోసే_స్వామి_అమ్మ
మాస్టారూ, కళ్లు చెమర్చాయి. మాది ఇంకో రకం అనుభవం. మావాడు నిరుడు నాన్నతో పాటు అయ్యప్ప మాల వేసుకున్నాడు. సీజన్ సరిగ్గా నవంబర్‌లోనే కదా మొదలు. నల్ల బట్టలు, చన్నీళ్లు పర్వాలేదు, షూస్‌కి గురుస్వామి ఒప్పుకున్నారు. మాల తీయనంటాడు వీడు. ఆటలో నగలు కుదరవని రిఫరీ ఆపేస్తాడని నాకు ఒకటే టెన్షన్.

కోచ్ చర్చికి వెళ్లే మనిషి, అయ్యప్ప అంటే ఎవరో తెలియదు. ఇంటికెళ్లి రూల్ బుక్ తీసి చదివారు. హైస్కూల్ రూల్స్‌లో మతపరమైన పతకాన్ని నగ కింద లెక్కేయరు, టేపు వేసి జెర్సీ లోపల ఉంచుకోవాలని ఉంది. మ్యాచ్ రోజు ఆయనే అథ్లెటిక్ టేప్ తెచ్చారు. ముట్టుకోవచ్చా అని మావాణ్ని అడిగి, చేతులు కడుక్కొచ్చి, తులసిపూసలు చర్మానికి గుచ్చుకోకుండా కింద మెత్తటి గాజ్ గుడ్డ పెట్టి, ఛాతీకి అడ్డంగా రెండు పట్టీలు వేశారు. తర్వాత రిఫరీ దగ్గరకు తీసుకెళ్లి ముందే చూపించారు. టీం భోజనంలో మీట్‌బాల్స్ ట్రేకి దూరంగా వీడికి వేరే పాస్తా. ఆయన ఏ దేవుడి పేరూ ఎత్తలేదు.

రాచెస్టర్_బాబాయ్
మా రాచెస్టర్ పక్కనే గ్రీస్ అథీనా హైస్కూల్ ఉంది. జేసన్ మెకల్వేన్ అని ఆటిజం ఉన్న కుర్రాడు ఆ టీంకి మేనేజరు, అంటే నీళ్లు అందించడం, తువ్వాళ్లు సర్దడం. 2006 ఫిబ్రవరిలో సీజన్ ఆఖరి హోం మ్యాచ్‌కి కోచ్ జిమ్ జాన్సన్ అతనికి జెర్సీ ఇచ్చి, చివరి నాలుగు నిమిషాల్లో దింపారు. మొదటి షాట్ రింగుకు కూడా తగల్లేదు, రెండోదీ పోయింది. ఒక్క బాస్కెటైనా పడనివ్వమని దేవుణ్ని వేడుకున్నానని కోచ్ తర్వాత చెప్పారు. ఆపైన ఆరు త్రీ పాయింటర్లు (దూరం నుంచి వేసే మూడు పాయింట్ల షాట్లు), మొత్తం 20 పాయింట్లు. వీడియో చూసే ఉంటారు. ఏళ్ల తరబడి తువ్వాళ్లు సర్దిన పిల్లాణ్ని గుర్తుపెట్టుకున్నందుకు నేను ఆ కోచ్‌ని తలుచుకుంటాను.

డల్లాస్_నాన్న
అందరికీ చాలా థాంక్స్. అట్లాంటా అక్క చెప్పినట్టే సోమవారం ప్రాక్టీస్ అయ్యాక వెళ్లాను, మావాణ్ని పక్కనే ఉంచుకుని మాట్లాడాను. ఆయన అంతా విని, "మీవాడు భయపడుతున్నాడని నాకు తెలియదు" అని వాడి వైపు తిరిగి సారీ చెప్పారు. ఇప్పుడు మ్యాచ్‌కి ముందు ప్రార్థనకు రావాలనుకునేవాళ్లు పిల్లల్లోనే ఒకరి ఆధ్వర్యంలో కలుస్తున్నారు, మిగతావాళ్లు ఫ్రీ త్రోలు వేసుకుంటున్నారు. కోచ్ రెండింట్లోనూ లేరు, గుమ్మం దగ్గర నిలబడుతున్నారు. వాడికి ఆట టైం తగ్గలేదు. ఒకరిద్దరు తల్లిదండ్రులు నాతో మాటలు తగ్గించారు, అది బాధగానే ఉంది. ఫుడ్ బ్యాంక్‌కి ఈసారి నేనూ వెళ్తున్నాను.

హ్యూస్టన్_హైదరాబాదీ
మంచి పని చేశారు భాయ్. ఒక మాట కలుపుతాను. ఇప్పుడు కొన్నేళ్లుగా రంజాన్ సరిగ్గా ప్లేఆఫ్స్ రోజుల్లోనే పడుతోంది. మావాడు రోజా ఉండే ఆడతాడు. తల్లిదండ్రులు ఇది చివరి నిమిషంలో చెప్తే కోచ్ ఏమీ చేయలేడు. ట్రైఅవుట్స్ (టీం సెలెక్షన్లు) అయిన వెంటనే తేదీలు రాసి ఇవ్వండి. అడిగితే దారి దొరుకుతుంది. 2012లో మా ఊరి యూదు స్కూల్ బెరెన్ అకాడమీ సెమీఫైనల్ శుక్రవారం రాత్రి పడింది, సబ్బాత్ (యూదుల విశ్రాంతి దినం) కాబట్టి ఆడలేమని స్కూల్ వాళ్లు అన్నారు. నిర్వాహకులు మొదట కుదరదన్నారు, తల్లిదండ్రులు కోర్టుకెళ్లాక టైం మార్చారు. పిల్లలు సెమీస్ గెలిచారు, ఫైనల్లో నాలుగు పాయింట్ల తేడాతో ఓడిపోయారు.

మా కోచ్ ఇఫ్తార్ టైంకి టైమౌట్ తీసుకుంటారు, బెంచ్ కింద ఖర్జూరాల డబ్బా పెడతారు. సంక్రాంతికి, శివరాత్రి ఉపవాసానికి కూడా ఇలాగే ముందే చెప్పుకోండి. తేదీలతో ఒక పేజీ తయారుచేశాను, కావాల్సినవాళ్లు మెసేజ్ పెట్టండి, పంపిస్తాను.