పక్కనున్న ఖాళీ స్థలం ఎవరిదో తెలియట్లేదు, బ్రోకర్లు ఫోనెత్తట్లేదు

గూడెం_కోడలు:
తాడేపల్లిగూడెం దగ్గర పల్లెటూళ్లో మా అత్తగారిల్లు. పడమటి గోడ అవతల ఏడెనిమిది సెంట్ల ఖాళీ స్థలం ఉంది. నేను కాపురానికొచ్చి 12 ఏళ్లయింది, ఓనరు అందులో అడుగుపెట్టడం ఒక్కసారీ చూడలేదు. జిల్లేడు పొదలు, సర్కారు తుమ్మ, ఎవరో కట్టేసే రెండు గేదెలు, వానాకాలం పాములు. మొన్న ఒకటి మా బాత్రూములోకే వచ్చింది. కొనుక్కుని శుభ్రం చేయించుకుందామని మా ఆయన, నేను అనుకున్నాం.

తుమ్మచెట్టుకి 'అమ్మబడును' అని ఓ రేకు వేలాడుతోంది. నంబరులో చివరి రెండంకెలు తుప్పు తినేసింది. ముగ్గురు బ్రోకర్లని అడిగాను. ఒకాయన "రేపు చెప్తానమ్మా" అన్నారు, ఆ మాట సంక్రాంతి ముందుది. రెండో ఆయన వాట్సాప్ చూస్తారు, జవాబివ్వరు. మూడో ఆయన మాత్రం రోజూ మెసేజ్ పెడతారు, హైవే పక్క లేఅవుట్ ఫొటోలు! ప్రభుత్వ భూరికార్డుల వెబ్‌సైట్ మీభూమిలో చూద్దామంటే సర్వే నంబరు తెలీదు. ఎవరినడగాలి?

పాత_లేఖరి:
అమ్మా, ముప్పై ఏళ్లు దస్తావేజులు రాసినవాణ్ణి. ఆ స్థలం ఎవరిదో బ్రోకర్లకీ తెలిసుండదు. తెలీదని చెప్పడం వాళ్లకి అలవాటు లేదు, అంతే.

ఊళ్లో ఇళ్లున్న చోటు సాధారణంగా గ్రామకంఠం. మీభూమిలో కనిపించే అడంగల్, 1-బి రికార్డులు ప్రధానంగా పొలాల సంగతి చెప్తాయి. గ్రామకంఠంలో ఏ దొడ్డి ఎవరిదో వాటిలో వెతికితే దొరకడం కష్టం.

ముందు మీ ఇంటి దస్తావేజు బయటికి తీయండి. చివర్లో షెడ్యూలు ఉంటుంది, అందులో నాలుగు హద్దులు. 'పడమర: ఫలానా వారి దొడ్డి' అని రాసే ఉంటారు. రాసిన నాటికి ఓనరు సాధారణంగా ఆయనే అయ్యుంటారు. ఆ పేరు పట్టుకుని పంచాయతీ సెక్రటరీని అడగండి. తర్వాత ఈసీ (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్, అంటే ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాలు) తీయించండి, ఆ స్థలం ఆయన నుంచి ఎవరికైనా మారిందా అన్నది తెలుస్తుంది. 1983 నుంచి జరిగినవి ఆన్‌లైన్లో వస్తాయి. అంతకు ముందువైతే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో అర్జీ పెట్టి వెతికించుకోవాలి. డాక్యుమెంటు నంబరు దొరికితే నకలు తీసుకోండి, అందులో కొన్నవాళ్ల చిరునామా ఉంటుంది.

కాలిన_చెయ్యి:
అక్కా, ఓనరు దొరికాడని సంబరపడి అడ్వాన్సు మాత్రం ఇవ్వకండి. భీమవరం వైపు మేం అలాగే లక్ష ఇచ్చాం. ఆయన అబద్ధమాడలేదు, నిజంగానే చనిపోయిన ఓనరు గారి కొడుకు. కాకపోతే ముగ్గురు అక్కచెల్లెళ్లున్న సంగతి చెప్పలేదు. రిజిస్ట్రేషన్ రోజు పొద్దున్నే పెద్దావిడ ఫోన్ చేసి "నా వాటా ఎవరమ్మారు?" అంది. లక్ష వెనక్కి రావడానికి రెండేళ్లు పట్టింది. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ అడగండి, అందులో ఉన్న పేర్లన్నీ సంతకానికి రావాలి. అలాగే స్థలం 22-ఎ నిషేధిత జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ చేయకూడని ఆస్తుల జాబితాలో, ఉందేమో కూడా చూసుకోండి.

అరుగు_కబుర్లు:
ఇవన్నీ సరేగానీ, ఆ గేదెలు ఎవరివి? పన్నెండేళ్లుగా ఊరికే కట్టేయరు కదా. ఎవరో ఒకరు 'కట్టుకో' అనే ఉంటారు.

గూడెం_కోడలు:
లేఖరి గారూ, మామగారి ట్రంకుపెట్టెలో దొరికింది, 1987 దస్తావేజు. స్టాంపు కాగితం మడతల దగ్గర చిరిగింది గానీ అక్షరాలు బాగానే ఉన్నాయి. పడమర హద్దులో ఒకాయన పేరుంది, ఇక్కడ రాయను. మా అత్తగారు చూసి "ఓ, ఆ మాస్టారిదా!" అన్నారు. పన్నెండేళ్లలో ఈ మాట ఒక్కసారీ చెప్పలేదు. అడగలేదట నేను.

గేదెల సంగతీ అడిగాను. మాస్టారు పోయారట. వాళ్లమ్మాయి రాజమండ్రిలో ఉంటుంది, గేదెలాయన ఏటా పండక్కి ఆవిడకి నెయ్యి పంపుతాడట. తోబుట్టువులు ఎంతమందో ఆయనకీ తెలీదు, ఆవిడనే అడగమన్నాడు. నంబరిచ్చాడు. పది అంకెలూ ఉన్నాయి.