ఒక్కదాన్నే ఫ్రాన్స్‌కు: రైలు, తిండి సంగతి

ప్రశ్న (కడప): అన్నా, పారిస్ నుంచి స్ట్రాస్‌బర్గ్, కోల్మార్ ఒక్కదాన్నే తిరగాల. రైళ్లు, తిండి ఎట్లా?

జవాబు (కర్నూలు): పారిస్‌లో గార్ ద లెస్ట్ స్టేషన్‌లో టీజీవీ అనే స్పీడు రైలు ఎక్కు తల్లీ, సుమారు గంటా ముప్పావులో స్ట్రాస్‌బర్గ్. టికెట్ ముందే తీసుకోవాల, ఆలస్యమయ్యేకొద్దీ రేటు పెరుగుతాది. బయల్దేరే టైముకు 2 నిమిషాల ముందే తలుపులు మూస్తారు. మన ప్యాసింజర్ మాదిరి పరిగెత్తి ఎక్కేది లేదు. ఆన్నుంచి కోల్మార్‌కు టీఈఆర్ అనే లోకల్ బండి, అరగంట. దానికి సీటు రిజర్వేషన్ అక్కర్లేదు.

జవాబు (అనంతపురం): మధ్యాహ్నం 12, 2 మధ్యనే భోజనం. 3కు పోతే చాలా హోటళ్లలో వంటిల్లు మూసుంటాది, బేకరీ రొట్టే గతి. నీళ్లకు ‘యూన్ కరాఫ్ దో’ అను, కుళాయి నీళ్లు ఉచితం. ఉత్త ‘వాటర్’ అంటే సీసా తెచ్చి బిల్లేసినా వేస్తారు. అంగట్లో అడుగు పెడుతూనే ‘బోంజూర్’ అనాల, లేకుంటే మొగం మాడ్చుకుంటారు.

జవాబు (కడప): చక్రాల పెట్టె వద్దక్కా, పాత వీధులన్నీ రాళ్లు పరిచినవే. ఎర్రకారం పొడి మాత్రం మర్చిపోవద్దు!