బురద రోడ్డు మీద బైక్ వెనక చక్రం జారితే క్లచ్ పట్టాలా వద్దా?

కోనసీమలో కాలవ గట్టు రోడ్డు. నాట్ల రోజులు కదా, దమ్ము చక్రాల (బురద చేను దున్నే ఇనప చక్రాల) ట్రాక్టర్లు చేలోంచి ఎక్కి తారు మీద ఒండ్రుమట్టి వదిలేస్తున్నాయి. పెద్ద వానకి కొట్టుకుపోతుంది గానీ, సన్నజల్లు పడిందంటే సబ్బు రాసినట్టే.

నాది 125 సీసీ కాంబీ బ్రేక్ బండి, అంటే వెనక బ్రేక్ తొక్కితే ముందుది కూడా పడుతుంది. మలుపు ముందు 25-30 కిలోమీటర్ల వేగంలో, రెండో గేరులో యాక్సిలరేటర్ వదలగానే వెనక చక్రం కాలవ వైపు జారుతోంది. బ్రేక్ తొక్కకపోయినా అంతే. రోడ్డు వాలు కూడా అటే. పొడి రోడ్డు మీద ఏ తేడా లేదు.

వెనక టైరు కొత్తది వేయించాను. చైను, అలైన్‌మెంట్, బేరింగులు మెకానిక్ చూశాడు. గాలి తగ్గిస్తే బండి ఇంకా ఊగింది, మళ్లీ 28 పీఎస్‌ఐకి తెచ్చాను. మూడో గేరులో కాస్త నయం, అందుకే ఇంజిన్ బ్రేకింగ్ (యాక్సిలరేటర్ వదిలితే ఇంజినే వెనక చక్రాన్ని నెమ్మది చేయడం) మీదే నా అనుమానం.

ఇలాంటి రోడ్ల మీద నడిపేవాళ్లు చెప్పండి: జారడం మొదలవగానే క్లచ్ పట్టేయాలా, లేక క్లచ్ ముట్టకుండా కొద్దిగా యాక్సిలరేటర్ ఇవ్వాలా?