బోన్ మ్యారో మార్పిడి తర్వాత ఆర్‌ఎస్‌వీ (శ్వాసకోశానికి సోకే ఒక వైరస్) వచ్చినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

అందరికీ నమస్కారం. మా తమ్ముడికి అక్యూట్ మైలాయిడ్ లుకేమియా (ఒక రకం బ్లడ్ క్యాన్సర్). నా మూలకణాలతోనే మార్పిడి చేశారు, ఇప్పుడు నాలుగో నెల. రోగనిరోధక శక్తిని అణిచి ఉంచే టాక్రోలిమస్ మందు ఇంకా వాడుతున్నాడు.

ఈమధ్య ముక్కు కారడం, పొడిదగ్గు మొదలైతే స్వాబ్ తీసి పీసీఆర్ చేశారు. ఆర్‌ఎస్‌వీ పాజిటివ్. మనలాంటివాళ్లకి ఇది జలుబులా వచ్చి పోతుంది. వాడికి లింఫోసైట్లు (ఇన్ఫెక్షన్లతో పోరాడే తెల్ల రక్తకణాలు) బాగా తక్కువున్నాయి, ఊపిరితిత్తుల్లోకి దిగితే ప్రమాదమని డాక్టరు గారు చెప్పినప్పటి నుంచి మాకు నిద్ర లేదు. సీటీలో న్యుమోనియా లేదు, ఆక్సిజన్ 97 ఉంది. ఫ్లూకి ఒసెల్టామివిర్ ఉన్నట్టు దీనికి కచ్చితమైన మందు లేదట. రిబావిరిన్ అనే యాంటీవైరల్ మందు ఇవ్వాలా వద్దా అని ఆలోచిస్తున్నారు.

నిర్ణయం డాక్టర్లదే. కానీ మీ ఇంట్లో ఎవరికైనా రిబావిరిన్ ఇచ్చారా? దానివల్ల హిమోగ్లోబిన్ పడిపోవచ్చంటున్నారు, రక్తం ఎక్కించాల్సి వచ్చిందా? దగ్గు పూర్తిగా తగ్గడానికి ఎన్నాళ్లు పట్టింది?

ఇంకో టెన్షన్ మా పాప. యూకేజీ చదువుతోంది, బడి నుంచి ఏదో ఒక జలుబు తెస్తూనే ఉంటుంది. ఇంట్లో అందరం ఫ్లూ టీకా వేయించుకున్నాం, మాస్కులు పెట్టుకుంటున్నాం, తమ్ముడికి గది వేరు. అయినా పాపని కొన్నాళ్లు అమ్మమ్మ దగ్గరికి పంపేయడం మంచిదా? చిన్నపిల్లలున్న ఇళ్లలో మీరెలా నెట్టుకొచ్చారో చెప్పండి.

దయచేసి కషాయాలు, మూలికలు మాత్రం సూచించకండి. టాక్రోలిమస్ స్థాయి అటూ ఇటూ అయితే వాడికి చాలా కష్టం.