ఎన్ఎస్ఎస్ (జాతీయ సేవా పథకం) యూనిట్ నాకు అప్పగించారు: పీఓ (ప్రోగ్రామ్ ఆఫీసర్) పని ఎక్కడిదాకా?

కొత్త_పీఓ:
డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరర్‌ని. పాత ప్రోగ్రామ్ ఆఫీసర్ సార్ రిటైరయ్యారు. ప్రిన్సిపాల్ గారు పిలిచి, "పిల్లలు మీ మాట వింటారు మేడమ్" అని యూనిట్ నా మీద పెట్టారు. వంద మంది వాలంటీర్లు. జనవరిలో అందులో సగం మందితో ఏడు రోజుల స్పెషల్ క్యాంపు. ప్రస్తుతానికి నా చేతికొచ్చినవి స్టోర్ రూమ్ తాళం, రబ్బరు స్టాంపు, సగం రాసిన క్యాష్‌బుక్. ఏది నేను చూసుకోవాలి, ఏది పిల్లలకు వదిలేయాలి? చేసినవాళ్లు చెప్పండి.

చెరువుగట్టు:
ఎనిమిదేళ్లు చేశాను మేడమ్. ముందు ఆ క్యాష్‌బుక్ సంగతి తేల్చుకోండి. పాత సార్‌ని కూర్చోబెట్టి, పాస్‌బుక్‌తో సరిచూసి, నిల్వ ఎంతో రాసి ఇద్దరూ సంతకాలు పెట్టండి. మొహమాటపడితే రేపు ఆడిట్‌లో సమాధానం చెప్పాల్సింది మీరే.

నా మొదటి క్యాంపులో కూరగాయలు సంతలో కొన్నాం. సంతలో బిల్లెవరిస్తారు? నాలుగు వేలు నా జేబులోంచి పోయాయి. మరుసటి ఏడాది ఇద్దరు బీకాం పిల్లలకు వోచర్ పుస్తకం ఇచ్చి పంపాను. కొన్నచోటే పేరు, సరుకు, డబ్బు రాసి సంతకమో వేలిముద్రో తీసుకోవాలి, రాత్రి భోజనాల్లోపు క్యాష్‌బుక్‌లో ఎక్కించాలి. అందులో ఒకమ్మాయి టమాటాల్లో పావుకిలో తేడా వచ్చినా వంటాయన్ని నిలదీసేది. నేను చేసింది రోజూ కింద సంతకం పెట్టడమే.

మాజీ_వాలంటీర్:
స్టూడెంట్ వైపు నుంచి ఒక మాట. మా మొదటి పీఓ సార్ అన్నీ తానే చేసేవారు, మేం బ్యానర్ పట్టుకుని ఫొటోకి నిలబడేవాళ్లం. ఏడాదికి 120 గంటల చొప్పున రెండేళ్లకు 240 గంటల సేవ రాయాల్సిన డైరీలో మొదటి ఏడాది వాటాని ఆఖరి వారంలో ఒకే పెన్నుతో నింపాం.

రెండో ఏడాది మేడమ్ వచ్చారు. క్యాంపుకి నెల ముందే మా నలుగురిని ఊరికి పంపి, ఏం పని కావాలో వాళ్లనే అడిగి రమ్మన్నారు. మేం ప్లాస్టిక్ ఏరదామనుకుని వెళ్లాం. ఊరివాళ్లేమో బడి వెనక కాలువ పూడిక తీయమన్నారు. మేమే మాటిచ్చి వచ్చాం కదా, ఎండలో కూడా ఎవరూ ఎగ్గొట్టలేదు.

రెండో_బ్లాక్:
నాది ఇంజినీరింగ్ కాలేజీ టెక్ క్లబ్. మా దగ్గర ఫ్యాకల్టీ కోఆర్డినేటర్ అంటే ఆడిటోరియం లెటర్ మీద సంతకం పెట్టేవాడని లెక్క. నేనూ అలాగే అనుకుని ఫెస్ట్ రిజిస్ట్రేషన్ డబ్బు ఒక కుర్రాడి సొంత యూపీఐకి రానిచ్చాను. ఐదో తారీకు అందులోంచి వాడి బైక్ ఈఎంఐ కట్ అయిపోయింది! పిల్లాడు మంచివాడే, తప్పు నాది. ఇప్పుడు డబ్బు కాలేజీ అకౌంట్‌కే. మిగతావన్నీ, పోస్టర్ రంగుతో సహా, వాళ్లిష్టం.

హోమ్‌సైన్స్_అక్క:
రాత్రి బసకి అమ్మాయిలుంటే మహిళా లెక్చరర్ ఒకరు అక్కడే పడుకోవాలి. మీరున్నారు కాబట్టి సగం టెన్షన్ తగ్గినట్టే. తల్లిదండ్రుల అనుమతి పత్రాలు తీసుకుని ఊరుకోకండి, ఇంటికి ఫోన్ చేయండి. నాకొకసారి ముగ్గురు నాన్నల సంతకాలు ఒకే చేతిరాతలో వచ్చాయి.

ఇంకోటి, పీఓగా వేసిన ఆర్డర్ కాపీ దాచుకోండి. ప్రమోషన్ ఫైల్లో ఈ పని లెక్కకొస్తుంది.

కొత్త_పీఓ:
అందరికీ థాంక్స్. చెరువుగట్టు గారూ, మేం అనుకుంటున్న ఊళ్లోనూ బడి పక్కనే చెరువుంది. మీ పేరు చూస్తేనే భయమేస్తోంది.

చెరువుగట్టు:
పేరు వచ్చింది అందుకే మేడమ్. నాలుగో రోజు మధ్యాహ్నం భోజనాల దగ్గర తలలు లెక్కపెడితే ఇద్దరు తక్కువ. గట్టు మీదికి పరిగెత్తాను. రెండు జతల చెప్పులు, పక్కనే మడత పెట్టిన తువ్వాలు. పేర్లు పెట్టి అరిచాను, పలుకు లేదు. గొంతు ఎండిపోయింది. ఇంతలో పైనుంచి చింతకాయ ఒకటి వచ్చి భుజం మీద పడింది. ఇద్దరూ చెట్టు మీదున్నారు, తిడతానని కిక్కురుమనకుండా.

అప్పట్నుంచి మూడు పూటలా హాజరు నేనే వేస్తాను. చెరువు వైపు వెళ్లొద్దని మొదటి రోజే చెబుతాను, దాని మీద చర్చల్లేవు. పిల్లల చేతికి ఏదైనా ఇస్తాను కానీ ఇది ఇవ్వను. మన బ్యాడ్జి మీద కోణార్క చక్రానికి ఎనిమిది ఆకులు ఎందుకో తెలుసుగా, రోజులో 24 గంటలకు గుర్తు. వాలంటీర్ల సంగతేమో గానీ క్యాంపులో పీఓకి అది అక్షరాలా నిజం.

మాజీ_వాలంటీర్:
సార్, ఆ చింతచెట్టు బ్యాచ్ మాది కాదు. కానీ మేమూ ఎక్కాం, మేడమ్‌కి తెలీదు.

కొత్త_పీఓ:
ఇవాళ ఇద్దరు సీనియర్ వాలంటీర్లతో స్టోర్ రూమ్ తెరిచాం. స్టాక్ రిజిస్టర్‌లో పారలు పది, గదిలో ఆరు. తట్టలు సరిపోయాయి. పాత సార్‌కి ఫోన్ చేస్తే, రెండు పంచాయతీ వాళ్లు తీసుకెళ్లారట, మిగతా రెండు గుర్తు లేదన్నారు. సోమవారం వచ్చి సంతకం పెడతానన్నారు. ఆరు అనే రాయిస్తున్నా.